ఆరేళ్ల పరిశోధనలో తప్పు దొరికింది... ఇప్పుడు చెప్పాలా, ఊరుకోవాలా?

తిరుపతి నుంచి ఒక పరిశోధక విద్యార్థిని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని సంగతులు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమె వయసు 31. చిత్తూరు దగ్గర పల్లె. నాయనకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివింది ఈమె ఒక్కతే. ఆరేళ్లుగా తిరుపతిలో ఒక ల్యాబ్‌లో మైటోకాండ్రియా డీఎన్‌ఏ మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. షుగరు, చెవుడు రెండూ తల్లి వైపు నుంచి వస్తున్న కుటుంబాల కోసం మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు ఊళ్లన్నీ తిరిగారు. రక్తం నమూనాలను ఐస్ పెట్టెలో పెట్టుకుని, ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆర్టీసీ బస్సుల్లో తెచ్చారు. మొత్తం 38 కుటుంబాలు. రెండు కుటుంబాల్లో డాక్టర్లకు ముందే తెలిసిన 3243 మార్పు (ఆ డీఎన్‌ఏ వరుసలో 3243వ అక్షరం మారడం) దొరికింది. వేరే తొమ్మిది మందిలో ఇంతవరకూ ఎవరూ చెప్పని ఒక మార్పు తక్కువ శాతంలో కనిపించింది. థీసిస్ అంతా ఈ కొత్త మార్పు మీదే కట్టారు. దాని పోస్టర్‌కు ఒక సదస్సులో బహుమతి వచ్చింది. పేపర్‌ను ఒక జర్నల్ అంగీకరించింది, ఇంకా అచ్చు కాలేదు.

మొన్న మార్చిలో ఒక రాత్రి ఆమె చివరి కంట్రోల్, అంటే పద్ధతి సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చే పరీక్ష, వేశారు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ అసలే లేకుండా పెంచిన కణాల డీఎన్‌ఏ అది, వేరే ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకున్నది. జెల్‌లో ఒక్కో నమూనాకు ఒక్కో లేన్ (వరుస) ఉంటుంది, వెతుకుతున్న డీఎన్‌ఏ ముక్క ఉంటే అక్కడ బ్యాండ్ (గీత) మెరుస్తుంది. "ఆ లేన్‌లో ఏమీ రాకూడదు. యూవీ లైట్ వేసి చూస్తే ఐదో లేన్‌లో బ్యాండ్ మెరుస్తోంది. ట్యూబులు తారుమారయ్యాయేమో అని మళ్లీ మొదట్నుంచీ చేశాను. మళ్లీ వచ్చింది. జెల్ ముందు కూర్చునే ఉన్నాను, తెల్లారిపోయింది" అని రాశారు. తర్వాత ఆ తొమ్మిది మందిలో నలుగురి నమూనాలు వేరే పద్ధతిలో పొడవాటి ముక్కలుగా తీసి చదివితే, నలుగురిలోనూ కొత్త మార్పు లేదు.

గైడ్‌కు చెబితే ఆయన, "పేపర్ యాక్సెప్ట్ అయ్యాక ఇప్పుడెందుకమ్మా ఇదంతా? థీసిస్ సబ్మిట్ చెయ్యి, తర్వాత తీరిగ్గా చూద్దాం" అన్నారట. ఫెలోషిప్ అయిపోయింది. సాయంత్రాలు కోచింగ్ సెంటర్‌లో బయాలజీ చెప్పి హాస్టల్ ఫీజు కడుతున్నారు. ఇంట్లో సంబంధం చూశారు. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, మాఘమాసంలో ముహూర్తం అంటున్నారు. "పీహెచ్‌డీ ఆపేసినా మాకేం ఇబ్బంది లేదు" అని ఆ అబ్బాయే ఫోన్‌లో అన్నాడట.

ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది వేరే ఉంది. పలమనేరు వైపు ఒక అవ్వ, ఆమె కూతురు, ఇద్దరూ ఆ తొమ్మిది మందిలో ఉన్నారు. రెండోసారి రక్తం తీయడానికి వెళ్లినప్పుడు, ఉత్సాహంలో ఆ కూతురితో "మీ అమ్మగారి వైపు నుంచి వచ్చిన మార్పు ఒకటి కనిపిస్తోంది" అనేశారు. ఆ మాట అత్తగారింటికి చేరింది. మనవరాలికి షుగర్ వచ్చింది ఈ అవ్వ వల్లే అని ఇప్పుడు దెప్పుతున్నారట. అవ్వ ఫోన్ చేసిన ప్రతిసారీ "నా రక్తంలో ఏముందో సరిగ్గా చెప్పమ్మా" అని అడుగుతోంది.

ఉత్తరం చివర ఇలా ఉంది: "మా నాయనకు ఫోన్ చేసి, నా పని తప్పని తేలింది నాయనా అన్నాను. ఆయన కాసేపు ఆగి, ‘నువ్వు చేసిన తప్పా, పూత రాలిందా?’ అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీక ఫోన్ పెట్టేశాను. మేడమ్, నేను ఊరుకుని డిగ్రీ తీసుకోవాలా, చెప్పి అన్నీ పోగొట్టుకోవాలా, లేక ఇవన్నీ వదిలేసి పెళ్లి చేసుకోవాలా?"

అమ్మా, మీ నాయన అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెడదాం. మీకు ఇంతకంటే మంచి ప్రశ్న నేను వెయ్యలేను. తేనెమంచు పురుగు వచ్చి పూత రాలితే రైతు తప్పు కాదు. కాయ నిలవలేదని తెలిసి కూడా కాపు బాగుందని చెప్పి బయానా తీసుకుంటే, అది తప్పు. మీ ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి.

ఐదో లేన్‌లో వచ్చిన బ్యాండ్ పూత రాలడం లాంటిదే. ఈ విషయం తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు సొంతంగా చిన్న డీఎన్‌ఏ వలయం ఉంటుంది. 16,569 అక్షరాలు, 37 జన్యువులు. ఒక్కో కణంలో ఇలాంటి కాపీలు వందల నుంచి వేల వరకూ ఉంటాయి. ఇది తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది. అయితే లక్షల ఏళ్లలో ఈ వలయంలోని ముక్కలు అప్పుడప్పుడూ కేంద్రకంలోని క్రోమోజోముల్లోకి వెళ్లి అక్కడే ఉండిపోయాయి. అసలు పాసు పుస్తకంలో మార్పులు నమోదవుతూనే ఉన్నాయి, ఎప్పుడో తీసిన జిరాక్స్ మాత్రం పెట్టెలో అలాగే పడి ఉంది అనుకోండి. మీ ప్రైమర్లు, అంటే కావాల్సిన ముక్కను పట్టుకోవడానికి వాడే చిన్న డీఎన్‌ఏ తునకలు, అసలుతో పాటు ఆ జిరాక్స్‌ను కూడా పట్టుకున్నాయి. అసలు కాపీలు వేలల్లో, జిరాక్స్ కొంచెం. అందుకే అది "తక్కువ శాతంలో ఉన్న కొత్త మార్పు" లాగా కనిపించింది. ల్యాబుల్లో వీటిని న్యూమ్ట్‌లు అంటారని మీకు తెలుసు.

ఈ గోతిలో పడింది మీరొక్కరే కాదు. 1994లో 8 కోట్ల ఏళ్ల నాటి ఎముకల నుంచి డైనోసార్ డీఎన్‌ఏ తీశామని ఒక బృందం పెద్ద జర్నల్‌లో ప్రకటించింది. ఏడాది తిరిగేసరికి, అది మనుషుల కేంద్రకంలో ఉన్న ఇలాంటి కాపీయే అని ఇతరులు తేల్చారు. 2018లో కొన్ని కుటుంబాల్లో తండ్రి నుంచి కూడా మైటోకాండ్రియా డీఎన్‌ఏ వస్తోందని ఒక పేపర్ వచ్చి పెద్ద చర్చ జరిగింది. అలాంటి ఫలితాన్ని కేంద్రకంలోని కాపీలు కూడా చూపించగలవని 2020లో మరో బృందం చూపించింది. వాళ్లంతా అనుభవజ్ఞులు, పెద్ద ల్యాబుల వాళ్లు. తేడా ఏమిటంటే వాళ్ల ఫలితాలను ప్రశ్నించింది బయటివాళ్లు. మీ తప్పును మీరే, అచ్చు కాకముందే, ఎవరూ అడగకుండానే పట్టుకున్నారు. తెల్లారేదాకా జెల్ ముందు కూర్చున్న ఆ రాత్రి మీరు ఓడిపోయానని అనుకున్నారు. మీ ఆరేళ్లలో మీరు నిజంగా శాస్త్రవేత్త అయిన రాత్రి అదేనని నేను అనుకుంటున్నాను.

ఇంకో సంగతి, ఇది మీ 3243కు సంబంధించినదే. మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏ వరుసను మొదటిసారి పూర్తిగా చదివింది 1981లో, కేంబ్రిడ్జ్‌లో. ప్రపంచమంతా అదే కొలమానంగా వాడింది. 1999లో అదే నమూనాను మళ్లీ చదివితే కొన్ని తప్పులు దొరికాయి. 3106, 3107 స్థానాల్లో రెండు "సీ" అక్షరాలు రాశారు, నిజానికి ఉన్నది ఒక్కటే. ఆ అక్షరం తీసేస్తే తర్వాతి నంబర్లన్నీ ఒకటి చొప్పున జరిగిపోతాయి. అప్పటికే వందల పేపర్లు ఆ నంబర్లతో ఉన్నాయి. అందుకని తప్పును ఒప్పుకుని, సరిచేసి, 3107 స్థానాన్ని ఖాళీగా ఉంచేశారు. 3243ని ఇవాళ్టికీ 3243 అనే పిలవగలుగుతున్నాం అంటే ఆ ఖాళీ గడి వల్లే. మీరు రోజూ తెరిచి చూసే ఆ వరుసలోనే, దిద్దుకున్న ఒక తప్పు అందరికీ కనిపించేలా ఉంది.

ఇప్పుడు రెండో భాగం. పూత రాలడం కాకుండా మీరు చేసిన తప్పు ఒకటి ఉంది. నిర్ధారణ కాని ల్యాబ్ ఫలితాన్ని ఆ కూతురికి చెప్పడం. దురుద్దేశంతో చెప్పలేదని తెలుసు. కానీ తల్లి నుంచి వస్తుంది అన్న మాట మన ఇళ్లలో ఎలా వాడతారో మీకూ నాకూ తెలుసు. బిడ్డకు ఏ జబ్బు వచ్చినా "మీ అమ్మ వైపుదే" అనడానికి కాచుకుని కూర్చునే ఇళ్లు మన జిల్లాలో తక్కువేం కాదు. ఆ మాటకు మీ ల్యాబ్ నుంచి ఒక సాక్ష్యం దొరికింది, అది తప్పుడు సాక్ష్యం. మీ పేపర్ అలాగే అచ్చయితే ఆ అవ్వ మీద పడ్డ నింద శాశ్వతంగా నిలబడుతుంది. అందుకే మీ మూడు దారుల్లో మొదటిదాన్ని, ఊరుకోవడాన్ని, మిగతా రెండింటి పక్కన సమానంగా పెట్టలేకపోతున్నాను.

అయినా దాని ఫలితాలు కూడా చెబుతాను, మీరే తూచుకోండి. ఊరుకుంటే డిగ్రీ బహుశా ఆరు నెలల్లో వస్తుంది. గైడ్‌తో గొడవ ఉండదు. ఇంట్లో ఊపిరి పీల్చుకుంటారు. కానీ మీరు వేసిన కంట్రోల్‌ను రేపు ఇంకెవరైనా వేస్తారు. పేపర్‌లో మొదటి పేరు మీది. వెనక్కి తీసుకోవాల్సి వస్తే, ముందే తెలిసి దాచారా అని అడుగుతారు, ఆ మార్చి జెల్ ఫొటో మీద తేదీ ఉంటుంది. ఎవరూ కనిపెట్టకపోయినా సరే, అది మీ మనసులో ఉండిపోతుంది. నేను డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్లు బయోకెమిస్ట్రీ చెప్పాను, అంతకుముందు ల్యాబ్‌లో ఉన్నదాన్నే. నా థీసిస్‌లో ఒక పట్టిక ఉంది. రెండోసారి చేస్తే ఆ విలువ రాలేదు. నోట్‌బుక్ మూసేసి మొదటి విలువే రాశాను. వైవాలో ఎవరూ అడగలేదు. నలభై ఏళ్లయింది, అది 83వ పేజీ అని నాకు ఇంకా గుర్తుంది.

చెబితే అన్నీ పోతాయి అని రాశారు. టెన్షన్‌లో అలా అనిపిస్తుంది, కానీ ఏమేం పోతాయో ఒక కాగితం మీద రాసి చూడండి. ఆ రెండు కుటుంబాల 3243 ఫలితం పోదు. షుగరు, చెవుడు కలిసి తల్లి వైపు నుంచి రావడానికి ఆ మార్పు కారణమని 1992 నుంచీ తెలుసు. 38 కుటుంబాల వంశవృక్షాలు పోవు. ఇక ఆ తొమ్మిది మంది. కొత్త మార్పు పోయింది, నిజమే. దాని బదులు "మన ప్రాంత నమూనాల్లో ఈ ప్రైమర్లతో ఇలా మోసపోతాం, ఈ కంట్రోల్ వేస్తే బయటపడుతుంది" అనే అధ్యాయం వచ్చింది. థీసిస్ అంటే కొత్తది దొరికి తీరాలని ఎక్కడా లేదు. వచ్చిన ఫలితాన్ని నిజాయితీగా నిలబెట్టగలగాలి, అంతే. నేను పరీక్షకురాలినైతే ఆ అధ్యాయమే ముందు చదువుతాను.

పోయేవి కాలం, డబ్బు. ఆరు నుంచి పది నెలలు పడుతుందనుకోండి. మీరు 2022 నవంబర్‌కు ముందు రిజిస్టర్ అయ్యారు కాబట్టి మీకు వర్తించేది 2016 నాటి యూజీసీ నిబంధనలు. వాటిలో పీహెచ్‌డీ గరిష్ఠ గడువు ఆరేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. థీసిస్ ఇచ్చేముందు ఒక జర్నల్ పేపర్ ఉండాలన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది. మీ గైడ్ పేపర్‌ను వదులుకోలేకపోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. అయితే దిద్దిన పేపర్ కూడా పేపరే. మీ యూనివర్సిటీ రూల్స్ కాపీ తెచ్చుకుని గడువు పొడిగింపు దరఖాస్తు ఎప్పటిలోగా ఇవ్వాలో ఈ వారమే చూసుకోండి. గడువు దాటాక బతిమాలడం కష్టం.

గైడ్ గురించి. ఆయన్ని నేను విలన్‌గా చూడలేను. ఆయనకూ ప్రాజెక్టు రిపోర్టు ఉంది, ఆయన పేరూ ఆ పేపర్ మీద ఉంది, మీరు చెప్పిన రోజు భయపడి ఉంటారు. నోటితో చెప్పిన మాటను "తర్వాత చూద్దాం" అని దాటేయడం తేలిక. అందుకే మిగిలిన ఐదుగురి నమూనాలు కూడా ముందు పూర్తి చెయ్యండి. నలుగురిలో లేదంటే వాదన నడుస్తుంది, తొమ్మిది మందిలోనూ తేలిపోతే నడవదు. ఆ తర్వాత ఒక పేజీ మెయిల్ పెట్టండి. ఏ తేదీన ఏం చేశారు, ఏం వచ్చింది, జెల్ ఫొటోలు, చివర్లో "సర్, అచ్చు ప్రూఫ్ రాకముందే ఎడిటర్‌కు మనమే రాద్దాం, డ్రాఫ్ట్ నేను తయారుచేశాను, చూడండి" అని. ఫిర్యాదులా ఉండకూడదు, మీ ఇద్దరి పేరు కాపాడే పనిలా ఉండాలి, నిజానికి అది అదే కూడా. చాలామంది గైడ్లు చేతిలో సిద్ధమైన కాగితం చూశాక మెత్తబడతారు.

మెత్తబడకపోతే? అప్పుడు మీ పరిశోధన సలహా కమిటీ ఉంది. మనుషుల నమూనాలు కాబట్టి అనుమతి ఇచ్చిన ఎథిక్స్ కమిటీ ఉంది. అక్కడికి వెళితే పేపర్ ఆగుతుంది. గైడ్‌తో సంబంధం చెడవచ్చు, రేపు సిఫార్సు ఉత్తరం ఇవ్వకపోవచ్చు, ల్యాబ్‌లో కొందరు మాట్లాడటం మానేస్తారు. ఇవి చిన్న నష్టాలని నేననను. అది మీరు ఆఖరున తొక్కాల్సిన మెట్టు, ఒక్కరే తొక్కొద్దు. మీ కమిటీలో నమ్మకమైన ఒక పెద్దమనిషిని ముందుగా కలిసి మాట్లాడండి. నోట్‌బుక్ ల్యాబ్‌దే, కానీ మీ ఫలితాల పేజీలకు తేదీలతో కాపీ మీ దగ్గర ఉండాలి.

మూడోది, వదిలేయడం. అలసిపోయి వదిలేస్తే తప్పు లేదు. ల్యాబ్ బయట కూడా ఈ విద్యకు పని ఉంది. ఆస్పత్రుల కోసం జన్యు పరీక్షలు చదివే ల్యాబుల్లో, ఈ మార్పు అసలుదా, జిరాక్సా అని చెప్పగలిగే మనిషి కావాలి. హైదరాబాద్‌లో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం లాంటి చోట్ల, పాత ఎముకలనూ వెంట్రుకలనూ గుర్తించే పనిలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ వాడకం ఉంటుంది. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు గురించి పనిచేశారు, మైటోకాండ్రియా రాత్రింబవళ్లు తయారుచేసేది దాన్నే. ఆయనకు హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దొరకలేదు, 1940లో మందుల కంపెనీకి వెళ్లి అక్కడే పెద్ద పని చేశారు. అయితే పీహెచ్‌డీ ఉండి వెళ్లడానికీ లేకుండా వెళ్లడానికీ జీతంలో తేడా ఉంటుంది. కేంద్ర ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌కు 2023 నుంచి మొదటి మెట్టే నెలకు 58,000 రూపాయలు, దానికి సాధారణంగా పీహెచ్‌డీ కావాలి. ఇంత దూరం వచ్చాక పది నెలల కోసం వదలొద్దని నా మనసు చెబుతోంది. కానీ ఆ పది నెలలు బతకాల్సింది మీరు. కోచింగ్ సెంటర్ ఆదాయంతో గడుస్తుందా, ఆరోగ్యం నిలుస్తుందా అన్న లెక్క నాకంటే మీకే తెలుసు.

పెళ్లిని ఈ ముడిలోంచి విడదీయండి. ఆ అబ్బాయి మంచివాడైతే చేసుకోండి, కానీ ల్యాబ్ నుంచి పారిపోయే దారిగా కాదు. అతను "ఆపేసినా ఇబ్బంది లేదు" అన్నాడు. అది ప్రేమగా అని ఉండొచ్చు. మీరు అడగాల్సింది ఇంకో ప్రశ్న: "ఆపకపోతే ఇబ్బందా? వచ్చే ఏడాది వరకూ నేను తిరుపతిలోనే ఉంటాను, పెళ్లయ్యాక కూడా." జవాబు ఎంత త్వరగా వస్తుందో, ఎలా వస్తుందో చూడండి. మాఘం కాకపోతే వైశాఖం ఉంది. మీ అమ్మగారు దిగులు పడతారు. మీ నాయన మాత్రం, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్‌తో రాత్రంతా క్యూలో ఉన్న మనిషి, పంట చేతికొచ్చే ముందు ఆగడం ఏమిటో ఆయనకు చెప్పక్కర్లేదు. ఆయనకు మళ్లీ ఫోన్ చెయ్యండి. పూత రాలింది నాయనా, చెట్టు బాగానే ఉంది అని చెప్పండి.

3243 దొరికిన ఆ రెండు కుటుంబాలను మర్చిపోవద్దు. వాళ్లకు నిజమైన ఫలితం ఉంది, దాన్ని గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో మళ్లీ నిర్ధారించి, ఎథిక్స్ కమిటీ ద్వారా డాక్టర్‌కు చేర్చాలి. వయసు పెరిగేకొద్దీ రక్తంలో ఈ మార్పు శాతం తగ్గుతుంది, మూత్రం నమూనాలో బాగా తెలుస్తుంది. పెద్దవాళ్లకు రక్తంలో కనపడలేదని వదిలేయకండి. ఇలాంటి షుగర్‌కు డాక్టర్లు మందు ఎంపికలో జాగ్రత్త పడతారు, చెవి పరీక్ష ముందే చేయిస్తారు. మీ ఆరేళ్ల తిరుగుడుకు ఆ ఇళ్లలో ఫలితం ఉంటుంది.

ఇక పలమనేరు అవ్వ. డిగ్రీ, పేపర్, పెళ్లి అన్నీ ఆగినా ఈ పని ఆగకూడదు. ఆమె, ఆమె కూతురి నమూనాలు మిగిలిన ఐదింటిలో ఉంటే వాటినే ముందు చెయ్యండి. తేలగానే గైడ్‌కు చెప్పి, ఫోన్‌లో కాదు, మీరే ఊరికి వెళ్లండి. అల్లుడు, వియ్యపురాలు కూడా ఇంట్లో ఉండే వేళ చూసుకుని వెళ్లండి. న్యూమ్ట్‌లూ ప్రైమర్లూ వాళ్లకు వద్దు. అందరూ వినేలా ఇంత చెప్పండి: "అవ్వా, ఆరోజు నేను తొందరపడి చెప్పాను. నీ రక్తంలో చూశాననుకున్నది అక్కడ లేదు. పొరపాటు నాది."